మహాలాకు దొరికిన హక్కు

తాడు లాగితే పంకా అటు పోతుంది, వదిలితే ఇటు వస్తుంది, మధ్యలో ఈగ వాలడానికి సందు దొరక్కూడదు, నా పనంతా అంతే. మరీ గట్టిగా లాగితే దొరసాని ఒడిలో గుడ్డ ఎగిరి పులుసులో పడుతుంది, మరీ మెల్లగా లాగితే పంది మాంసం మీద ఈగలు జడ్జిగారి కంటే ముందే భోజనం మొదలుపెడతాయి, ఈ రెంటికీ మధ్య ఎక్కడో ఒక ఒడుపు ఉంది, అది నా చేతికి తెలుసు, నాకు తెలియనక్కర్లేదు. చెయ్యి దాని పని అది చేసుకుంటుంది, బుర్ర ఎక్కడికో పోతుంది, గోడవారన నిలబడ్డ ఈ మహాలా మాత్రం ఇక్కడే ఉంటుంది, తలకి తెల్లగుడ్డ, నడుముకి తెల్లగుడ్డ, మొహంలో మాత్రం ఏమీ ఉండకూడదు. ఏమీ లేని మొహం పెట్టడం పంకా లాగడం కంటే కష్టం, అది నేర్చుకోవడానికి నా వయసు సగం పోయింది. బల్లకి ఆ చివర మా దొర లెవిన్ హార్‌గ్రోవ్, ఈ చివర దొరసాని ఆక్టేవియా, మధ్యలో ముసలి జడ్జిగారు, ఆయనకెదురుగా విక్స్‌బర్గ్ నుంచి వచ్చిన కెప్టెన్, పేరు రడ్, మొహం నిండా ఎండకి కమిలిన మచ్చలు, మడతలు నలిగిన బూడిదరంగు కోటు. కెప్టెన్ ఆకలి మీద ఉన్నాడు. బెండకాయలు, అన్నం, మాంసం, మొక్కజొన్న కండెలు, ఏది పెట్టినా కాదనడం లేదు, పైన్నుంచి కాఫీ అని చెప్పి చిలగడదుంప మాడ్చి కాచిన నీళ్ళు పోసినా కళ్ళు మూసుకుని తాగుతున్నాడు. నది మూసుకుపోయాక మా ఇంట్లో అసలు కాఫీ చూసి ఏడాది దాటింది, వాసన మాత్రం దొరసాని ఇంకా తలుచుకుంటుంది.

కిటికీలోంచి మిసిసిపీ కనిపిస్తుంది, ఇవాళ దాని మీద పొగ. పత్తి కాలుతున్న పొగ. ఉత్తరాదివాళ్ళ ఫిరంగి పడవలు మళ్ళీ వస్తే వాళ్ళకి చిక్కకూడదని ఒడ్డునున్న పత్తి బేళ్ళన్నీ మన దక్షిణాది ప్రభుత్వమే తగలబెట్టిస్తోంది. మన అన్నానా. నోటి అలవాటు. దొర మన పత్తి అంటే మేమూ మన పత్తి అంటాం, మన యుద్ధం అంటే మన యుద్ధం, దొరసానికి జలుబు చేస్తే మనకి జలుబు చేసిందంటాం. ఆ బేళ్ళలో నేను ఏరిన పత్తీ ఉంటుంది, పోయిన శీతాకాలం పనివాళ్ళు చాలక ఇంట్లోవాళ్ళనీ చేలోకి తోలారు, కాయ ముళ్ళు గీరి గోళ్ళ మొదళ్ళలో చీము పట్టింది, ఆ వేళ్ళతోనే పొద్దున్నే దొరసాని జుట్టు దువ్వాను. ఇప్పుడు అదంతా పొగై దొరసాని కళ్ళు మండిస్తోంది. నాకు సంతోషం కలగాలి. కలగడం లేదు, వాళ్ళ సొత్తు వాళ్ళే తగలబెట్టుకుంటే నాకేమొచ్చింది, వాళ్ళ సొత్తులో నేనూ ఒకదాన్ని.

కెప్టెన్ మూతి తుడుచుకుని అన్నాడు, "హార్‌గ్రోవ్ గారూ, మీ వాటా మనుషుల్ని ఈ వారంలోనే పంపాలండీ. విక్స్‌బర్గ్ చుట్టూ కందకాలు తవ్వాలి. నా ఇష్టం కాదు, పైనుంచి ఉత్తరువు." దొర కత్తి కింద పెట్టాడు. దొరకి కోపమొస్తే ముందు మెడ ఎర్రబడుతుంది, తర్వాత చెవులు, చెవులదాకా వచ్చిందంటే మేమెవరం కనపడకూడదు. "ఏ ప్రభుత్వమండీ అది? వాషింగ్టన్‌లో ఒక ప్రభుత్వం మా ఇంటి వ్యవహారాల్లో వేలు పెడతానంటేనే కదా దాన్ని వదిలేసి వచ్చాం. మా రాష్ట్రం సంగతి మా రాష్ట్రం చూసుకుంటుంది, మా ఇల్లు మేం చూసుకుంటామని కదా మా అబ్బాయిని వర్జీనియాకి పంపింది. ఇప్పుడు మీరొచ్చి మా పత్తి తగలబెట్టి, మా మనుషుల్ని తోలుకుపోతామంటే, మరి ఆ వాషింగ్టన్ వాళ్ళేం పాపం చేశారు?" అన్నాడు. కెప్టెన్ మొక్కజొన్న కండె మీదనుంచి కళ్ళెత్తలేదు. "అదంతా నాకు తెలీదండీ. పారలున్నాయి, పట్టుకునే చేతులు లేవు," అన్నాడు.

పార పట్టుకున్న చేతుల్లో కేటో చేతులు కూడా ఉన్నాయి, ఇంకా బతికుంటే. కేటో నా మొగుడు. మొదటి వాటా అడిగినప్పుడు దొర గొణక్కుండా పంపింది అతన్నే, ఎందుకంటే అప్పటికే అతని పేరు పాడైపోయింది. వసంతకాలంలో ఫిరంగి పడవలు మొదటిసారి మన రేవు ముందు ఆగినప్పుడు, అవి చూడ్డానికి ఊరంతా గుట్ట మీదకి వెళ్ళినప్పుడు, కేటో ఇంకొకతను కలిసి చెక్కముక్క పట్టుకుని ఈదుకుంటూ పడవ దాకా పోయారు. పైకి లాగారట. బిస్కట్లు పెట్టారట, రాయిలా ఉన్నాయట, నానబెట్టుకు తినమన్నారట. తర్వాత బంగారు బొత్తాల కోటు ఆయనొచ్చి, చూడండబ్బాయిలూ, మేం యుద్ధం చేస్తున్నది దేశం రెండు ముక్కలు కాకూడదని, మీ సంగతి మాకు సంబంధం లేదు, మీరు ఇంకొకళ్ళ ఆస్తి, అని చెప్పి, తెల్లజెండా కట్టిన చిన్న పడవలో ఎక్కించి మళ్ళీ మా రేవులో దింపేశారు. అంత మర్యాదగా. మొక్కజొన్న కొట్లో కట్టేసి ఉన్నప్పుడు పలకల సందులోంచి ఇదంతా నాకు చెప్పాడు, చెబుతూ నవ్వాడు, వీపంతా చీరుకుపోయిన మనిషి. "ఇటు దొరేమో ఈ యుద్ధం మీ గురించి కాదే, మా హక్కుల గురించీ అంటాడు. అటు వాళ్ళేమో మీ గురించి కాదురా, దేశం గురించీ అంటారు. మరి మన గురించి ఎవడే కొట్టుకునేది, మహాలా?" అన్నాడు. మాట్లాడకురా, నీళ్ళు తాగు, అన్నాను. మర్నాడు పొద్దున్నే బండెక్కించారు. అదే ఆఖరి మాట, నీళ్ళు తాగు.

తాడు కాస్త సడలింది కాబోలు, దొరసాని కనుబొమ్మ లేచింది. లాగాను. దొర ఇప్పుడు గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు, తగ్గించింది కెప్టెన్‌కి భయపడి కాదు, గొప్ప ఆలోచన చెప్పేటప్పుడు అలా తగ్గిస్తాడు. "మీరడిగింది వారంలోపు కదా. వారం నాటికి ఇక్కడ మనుషులుండరు. పడవలు పైకి వెళ్ళాయి, నది ఖాళీగా ఉంది. ఇవాళ సాయంత్రమే గట్టిగా ఉన్నవాళ్ళందర్నీ అవతలి ఒడ్డుకి దాటించేస్తున్నా. మా తమ్ముడు బళ్ళు కట్టించాడు. నేరుగా టెక్సస్. అక్కడికి మీ ఉత్తరువూ రాదు, వాళ్ళ పడవా రాదు," అన్నాడు. కెప్టెన్ నవ్వాడు, తిండి పెట్టిన ఇంట్లో ఇంతకంటే ఏమంటాడు. దొరసాని వేలితో బల్ల మీద గీతలు గీస్తూ, "లావీనియాకి నెలలు నిండుతున్నాయి కదా లెవిన్, ఇంట్లో చెయ్యందించే ఆడమనిషి కావాలని కబురు మీద కబురు పెడుతోంది. మహాలానో, దాని కూతుర్నో, ఒకత్తిని ఆ బళ్ళలో పంపించండి. ఇద్దర్నీ పంపితే నాకెవరుంటారు?" అంది. లావీనియా వాళ్ళమ్మాయి, టెక్సస్‌లో కాపురం. మహాలానో, దాని కూతుర్నో. నేను ఆ మాట అన్నచోటికి మూడడుగుల దూరంలో ఉన్నాను, పంకా చప్పుడు వాళ్ళకెంత వినిపిస్తుందో నేనూ అంతే వినిపిస్తాను. "చూద్దాం, భోజనాలు కానీ," అన్నాడు దొర, ఇంకో సీసా కోసం నడవలోకి లేచి వెళ్ళాడు, దొరసానీ వెనకే వెళ్ళొచ్చింది.

టెక్సస్ అంటే మాకు మనిషి పోయినట్టే. అటు వెళ్ళినవాళ్ళ మాట మళ్ళీ వినపడదు, బండి చక్రాల గాడి వానకి చెరిగిపోతుంది, అంతే. ఇక్కడైతే నది ఉంది. కేటోని వెనక్కి పంపిన నదే, తెలుసు, అయినా నది నదే. నది కిందివైపునుంచి చేపలమ్ముకుంటూ వచ్చే ఒకతను వంటింటి గుమ్మంలో పాలస్ అత్తతో చెప్పాడట, ఉత్తరాదివాళ్ళ చేతికొచ్చిన న్యూ ఆర్లీన్స్‌లో ఇప్పుడు వెనక్కి పంపడం మానేశారని, అక్కడి మనవాళ్ళు జీతానికి పని చేస్తున్నారని. అబద్ధమేమో. అబద్ధమే అయ్యుంటుంది. కానీ ఈసారి పడవలొచ్చినప్పుడు ఇంకో రకం మనిషి, ఇంకో రకం బొత్తాల మనిషి ఉంటే, అని ఒక మాట నాలో ఎక్కడో నక్కి కూర్చుంది, తరిమినా పోవడం లేదు. నా కోసం కాదు. నాకిక ఈత చేతకాదు, ఈ భుజం పైకి లేవదు. నా కూతురు టెంపీకి చేతనవుతుంది. టెంపీకి పధ్నాలుగో పదిహేనో, నీళ్ళలో దిగితే చేపలా పోతుంది, వాళ్ళ నాన్నే నేర్పాడు. నేను టెక్సస్ పోవాలి, టెంపీ నది ఒడ్డున ఉండాలి. ఇంతకంటే నాకు ఈ లోకంలో వేరే కోరిక లేదు. ఇంత స్పష్టంగా ఏదైనా కోరుకుని ఎన్నాళ్ళయిందో, చెయ్యి మాత్రం అదే ఒడుపున లాగుతోంది.

ఈల వినిపిస్తోంది. వంటిల్లు విడిగా ఉంటుంది, అక్కడినుంచి భోజనాల గదికి కప్పేసిన నడవ, ఆ నడవ పొడుగునా గిన్నె మోసుకొచ్చేవాళ్ళు ఈల వేస్తూ రావాలి, ఈల వేసే నోరు తినలేదు కాబట్టి. ఎప్పుడో ఒక కోడి రెక్క తగ్గిందని దొరసాని అత్తగారు పెట్టిన నియమం, ఆమె పోయింది, రెక్క తిన్నవాడూ పోయాడు, ఈల ఉంది. టెంపీ ఈల నాకు తెలుసు, పాట మొదలుపెట్టి సగంలో ఇంకో పాటలోకి జారిపోతుంది. పీచ్ పండ్ల గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టింది. నావైపు చూడలేదు, చూడకూడదని నేనే చెప్పాను. మళ్ళీ వెళ్ళిపోయింది. ఈ ఇంటికి వచ్చి కొద్ది నెలలే అయింది. పాలు మానగానే దాన్ని చేల దగ్గర పాకల్లోకి పంపేశారు, అప్పట్లో దొరసానికి ఇంట్లో చిన్నపిల్లల ఏడుపు పడేది కాదు, నన్ను మాత్రం ఉంచుకున్నారు. ఆదివారం ఆదివారం నేను పాకలకి వెళ్ళేదాన్ని, ఏ ముసలమ్మ ఒడిలోనో కూర్చుని నన్ను చుట్టాన్ని చూసినట్టు చూసేది. ఒకసారి, అప్పటికి కాస్త ఎదిగింది, మొహమ్మీదే అడిగేసింది, "నీకు ఆ పెద్ద ఇల్లే ఇష్టం కదే అమ్మా? అక్కడ గోధుమ రొట్టె పెడతారంట కదా." పాకల్లో అందరూ అంతే, లోపలున్నది ఉన్నట్టు బయట పెట్టేస్తారు, చేలో అరిచి మాట్లాడితేగాని వినపడదు కదా, దాచుకోవడం వాళ్ళకి రాదు.

ఇంట్లోవాళ్ళ భాష వేరు. నాకది పాలస్ అత్త నేర్పింది, వంటమనిషి, ఇప్పటికీ పొయ్యి దగ్గరే ఉంది, కళ్ళు సరిగా కనపడవు. ఈ ఇంట్లో కావలసింది అడక్కు, వద్దన్నది అడుగు, అప్పుడు కావలసింది దొరుకుతుంది, అంది. దొర చెడ్డవాడని కాదటే, దొరకి మనమీద అనుమానం, మనకేది ఇష్టమో అందులో తనకేదో నష్టం ఉండే ఉంటుందని. లక్షసార్లు చూశాను, నిజం. వంటింట్లో వెచ్చగా పడుకోవాలంటే, అమ్మో ఆ పొగలో పడుకోలేను దొరసానీ అనాలి. కేటోని గుర్రాలశాలలో ఉంచాలంటే, వాడు గుర్రాలకి భయపడతాడు దొరా, చేలోకే తోలండి అనాలి, అంటే, నాకు చెబుతావా అని గుర్రాలశాలకే వేశాడు. టెంపీని ఇంట్లోకి తెచ్చుకున్నదీ అలాగే. దొరసాని ఎవరో ఒక పిల్ల కావాలంటే, నా కూతురు మాత్రం వద్దు తల్లీ, మొద్దు, పింగాణీ అంతా పగలగొడుతుంది, అన్నాను. పక్కనే ఉన్న దొర, దాన్నే రమ్మను, నేర్చుకుంటుంది, అన్నాడు. ఆ రోజు వంటింటి వెనక్కి పోయి నోరు నొక్కుకుని నవ్వాను. టెంపీకి ఇదంతా ఇంకా నేర్పలేదు. మొన్న మొదలుపెట్టాను. అది బుగ్గన వేలు పెట్టుకుని విని, "అంటే అబద్ధమాడాలా?" అంది. అబద్ధం కాదే, తలకిందులు, అన్నాను. "ఏమో, నాకు రాదు. నాకు ఏడుపొస్తే ఏడుస్తాను," అంది. సర్లే, మెల్లగా వస్తుంది, చాలా టైముంది, అన్నాను. చాలా టైముందట.

బల్ల దగ్గర గొంతులు పెరిగాయి. దొర మూడో గ్లాసో నాలుగో గ్లాసో మీద ఉన్నాడు, జడ్జిగారిని కదిపాడు. ఈ జడ్జిగారు మొదట్లో రాష్ట్రం విడిపోవద్దని ఓటేసినాయన, తర్వాత అందరితో కలిసిపోయాడు గాని నాలిక మాత్రం కలవలేదు. "హక్కులు హక్కులని ఊరికే అరవకు లెవిన్. విడిపోతూ మనవాళ్ళు రాసుకున్న కాగితంలో మొదటి మాట ఏమిటి? బానిసలే. నేను చదివాను. ఏ రాష్ట్రం హక్కు? ఏ హక్కు? వీళ్ళని ఉంచుకునే హక్కు. అదేదో గట్టిగా చెప్పుకుంటే సిగ్గేముంది? ఉత్తరాదిలో రాష్ట్రాలు పారిపోయినవాళ్ళని పట్టివ్వం, అది మా హక్కు అన్నప్పుడు నువ్వే కదా పైప్రభుత్వం వాళ్ళ మెడలు వంచాలని కేకలేసింది?" అన్నాడు. దొర చెవులు ఎర్రబడ్డాయి. "వీళ్ళ గురించి కాదండీ. ఎవడి నిర్ణయం వాడు చేసుకోవడం గురించి. బయటివాడు వచ్చి చెప్పకూడదు. రేపు నేనే వీళ్ళందర్నీ వదిలేయొచ్చు, అది నా ఇష్టం. నిర్ణయం నాది కావాలి, అంతే," అన్నాడు. జడ్జిగారు పీచ్ పండు చెక్కు తీస్తూ, మెల్లగా, "ఎవడి నిర్ణయం వాడిది అంటున్నావు. బాగానే ఉంది. ఈ గదిలో, పుట్టినప్పటినుంచి ఇంతవరకు ఒక్క నిర్ణయం కూడా తనది కాని మనిషి ఒకత్తి ఉంది, గాలి విసురుతోంది. ముందు దాని సంగతి చెప్పు," అని నవ్వాడు. నా మీద దయతో అనలేదు. నన్ను కూడా చూడలేదు, పండునే చూస్తున్నాడు. చదరంగంలో కాయ జరిపినట్టు నన్ను జరిపాడు.

కానీ దొర చూశాడు. ఇన్నేళ్ళలో భోజనాల మధ్య నన్ను నన్నుగా చూడడం అదే మొదటిసారి. కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు, మెడ ఎరుపు దిగిపోయి మొహంలోకి ఆట వచ్చింది, చిన్నప్పుడు కుక్కపిల్లలకి బెల్లం చూపించేటప్పుడు ఉండేదట ఇలాంటి మొహం. "సరే, ఆ ముచ్చటా తీరుద్దాం. ఏమే మహాలా, ఇలా చూడు. లావీనియమ్మ దగ్గరికి నువ్వో, టెంపీయో ఒకళ్ళు వెళ్ళాలి. ఎవరెళ్ళాలో నువ్వే చెప్పు. నీ ఇష్టం. మేమెవ్వరం నోరెత్తం," అన్నాడు. కెప్టెన్ నమలడం ఆపాడు. దొరసాని, "ఊరుకోండి లెవిన్," అంది గాని నవ్వుతూనే అంది. జడ్జిగారు కత్తి చివరతో బల్ల మీద తట్టి, "సభ మొదలైంది. మహాలా, నీ ఓటు," అన్నాడు. చెయ్యి లాగుతూనే ఉంది. అటు పోతోంది, ఇటు వస్తోంది.

ఎంతసేపు ఆలోచించాను, ఒక ఊపు, రెండు ఊపులు, అంతకంటే ఉండదు, కాని ఆ కాస్తలో ఎన్నిచోట్లకి వెళ్ళొచ్చానో. నన్ను పంపండి దొరా, అని నోటిదాకా వచ్చింది. నిజం అంత దగ్గరికి ఎప్పుడూ రాలేదు, నాలిక మీద దాని రుచి తగిలింది. అంటే ఏమవుతుంది? దొర కళ్ళు చిన్నవవుతాయి, ఇదెందుకు వెళతానంటోంది, పిల్లని నది పక్కన ఎందుకు వదిలి పోతానంటోంది, దీని మొగుడు నదిలో దూకినవాడు కదా, ఓహో. పిల్ల బండెక్కుతుంది. ఏది అడిగితే అదే దక్కదు, నాకు తెలిసిన ఒకే ఒక్క సత్యం అది, బడి లేదు, పుస్తకం లేదు, ఇది మాత్రం నా ఒంటి మీద రాసుకుని చదివాను. ఇద్దరం వద్దు దొరా, అందామా, నవ్వుతారు. ఇద్దర్నీ పంపండి అందామా, దొరసాని ఒప్పుకోదు. మీ ఇష్టం దొరా అందామా, అదే ఎప్పుడూ అనేది, అదే అనాల్సింది, కాని నీ ఇష్టం అని ఆయనంటుంటే మీ ఇష్టం అంటే ఆట పాడైపోయిందని మండిపడతాడు. తలకిందులు. తలకిందులే. ఇన్నేళ్ళు తప్పలేదు, ఇవాళెందుకు తప్పుతుంది. మొహాన్ని సర్దుకున్నాను, కాస్త బద్ధకం, కాస్త స్వార్థం, వాళ్ళకి మా మొహాల్లో చూడ్డానికి ఇష్టమైన రంగులు పూసుకున్నాను. "అంత దూరం నేనేం పోతాను దొరా, నడుం విరిగిపోదూ. ఈ ఇల్లు, ఈ గోధుమ రొట్టె అలవాటైపోయిన ప్రాణం. టెంపీని పంపించేయండి. వయసులో ఉంది, నేర్చుకుంటుంది. అదిక్కడ ఉండి నాకు చేసేదేముంది," అన్నాను. చాలా బాగా అన్నాను. పాలస్ అత్త వింటే మెచ్చుకునేది.

దొర గ్లాసు అంచున వేలు తిప్పాడు. ఇప్పుడంటాడు, నాకు చెబుతావా, నువ్వే పో, అంటాడు, ఆ మాట ఆయన పెదాల మీద నేను చూశాను, చూశాననే అనుకున్నాను. దొరసాని ఆశ్చర్యంగా, "ఇందాక నడవలో మహాలానే పంపుదాం, పెద్దది, పురుడు తెలిసిన మనిషీ అన్నారు కదా మీరు," అంది. "అన్నాను. అనుకున్నాను కూడా," అన్నాడు దొర. బల్ల చుట్టూ చూశాడు, జడ్జిగారి మీద చూపు ఆపాడు, గ్లాసు పైకెత్తాడు. "కాని హక్కు ఇచ్చాక ఇచ్చినట్టే. చూశారా జడ్జిగారూ? దాని నిర్ణయం అది చేసుకుంది. నాకు నచ్చకపోయినా నేను అడ్డం రాను. హార్‌గ్రోవ్ మాట అంటే అదండీ. టెంపీయే వెళుతుంది." కెప్టెన్, "భేష్," అన్నాడు. జడ్జిగారు కాసేపు నన్ను చూశాడు, ఇప్పుడు నిజంగా చూశాడు, "తల్లివి కదే నువ్వు," అన్నాడు నెమ్మదిగా, ఏదో తేలిపోయినట్టు, ఎన్నాళ్ళుగానో మా గురించి ఆయనకున్న అనుమానం ఒకటి ఇవాళ తీరినట్టు. నడవలో మహాలానే పంపుదామన్నారు. నేను నోరు మూసుకుని నిలబడితే చాలు. దిమ్మలా, పంకాలా నిలబడితే, టెంపీ నది ఒడ్డున ఉండేది.

వెనక ఏదో కదిలింది. గిన్నెలు మోసుకొచ్చేటప్పుడే ఈల, ఎంగిలి పళ్ళేలు తీసుకుపోవడానికి ఖాళీ చేతులతో వచ్చేటప్పుడు ఈల అక్కర్లేదు. టెంపీ తలుపు దగ్గర నిలబడి ఉంది. ఎప్పటినుంచి నిలబడిందో అడగక్కర్లేకుండా దాని మొహమే చెప్పింది, పాకల మొహం, ఏదీ దాచుకోవడం రాని మొహం. ఏడవలేదు. ఏడుపొస్తే ఏడుస్తానన్న పిల్ల ఏడవలేదు. బల్ల చుట్టూ తిరిగి ఒక్కొక్క పళ్ళెం తీసుకుంది, కుడివైపునుంచి తీయమని నేను చెప్పినట్టే కుడివైపునుంచి తీసింది, ఒక్కటీ చప్పుడవలేదు. నేను కళ్ళతో పిలిచాను. ఒసేయ్, అది తలకిందులే, ఇటు చూడవే, ఒక్కసారి చూడు, నా మొహంలో ఇప్పుడున్నది చూడు. ఇరవై ఏళ్ళు కష్టపడి మొహంలో ఏమీ లేకుండా చేసుకున్నాను కదా, ఇప్పుడు కావాలన్నా అందులోకి ఏదీ రావడం లేదు. తాడు వదిలేసి నాలుగడుగులు వేస్తే దాని చెయ్యి దొరుకుతుంది. వదిలితే ఏమవుతుంది, కొడతారు, కొట్టనీ. కాని వదిలి వెళ్ళి దాని చెవిలో నిజం చెబితే దొర అడుగుతాడు, ఏం చెప్పావే అని, పిల్లనే అడుగుతాడు, ఆ పిల్లకి అబద్ధం రాదు, చెప్పేస్తుంది, అమ్మకి నన్ను నది దగ్గర ఉంచాలని ఉందట అని. అప్పుడు దాని కాళ్ళకి గొలుసేసి తీసుకుపోతారు. ఇప్పుడైతే ఊరికే బండిలో కూర్చుని పోతుంది. నేను చేయగలిగిన మేలు ఇప్పుడు అదొక్కటే. తాడు వదల్లేదు.

బళ్ళు పెరట్లోకి వచ్చిన చప్పుడైంది, ఎద్దుల మెడల్లో గంటలు, ఎవరో ఆడమనిషి ఏడుపు, పని చేయించే కంగాణీ కేకలు. దొరసానికి జాలేసింది. దొరసానికి ఇలాంటప్పుడు జాలేస్తుంది, నిజమైన జాలే, కళ్ళలో నీళ్ళు కూడా వస్తాయి. తన పాత శాలువా ఒకటి తెప్పించి టెంపీ భుజాల మీద కప్పింది, రాత్రిళ్ళు దారిలో చలేస్తుందే అంది, "వెళ్ళేముందు మీ అమ్మకి చెప్పి వెళ్ళు," అని దాని వీపు మీద చెయ్యి వేసి నా ముందుకి తోసింది. అందరూ చూస్తున్నారు. జడ్జిగారు, కెప్టెన్, దొర, గ్లాసులు చేతుల్లోనే ఉన్నాయి. టెంపీ నా ఎదురుగా నిలబడింది, ఇంత దగ్గరగా, బెండకాయ జిడ్డు, కట్టెపొగ, దాని చెమట, అన్నీ తెలుస్తున్నాయి. దాని గడ్డం కింద చిన్న మచ్చ, ఎప్పుడు పడిందో నాకు తెలియదు, పాకల్లో ఉండగా పడి ఉంటుంది. నోరు తెరిచాను. చెప్పాలనుకున్నది గొంతులో ఉంది, మూడు మాటలే, అన్నదంతా తలకిందులే టెంపీ, అని. దొర కనుబొమ్మ కొంచెం లేచింది.

"లావీనియమ్మ చెప్పినట్టు వినుకో. మంచి పేరు తెచ్చుకో," అన్నాను.

టెంపీ తలూపింది. ఈ ఇంట్లో, వంటింట్లో, పెరట్లో, చిన్నవాళ్ళందరూ నన్నొక పిలుపు పిలుస్తారు, దొర పిల్లలు కూడా, టెంపీ నోట మాత్రం ఇప్పటిదాకా అమ్మా అన్న పిలుపే విన్నాను.

"అలాగే, మహాలా అత్తా," అంది, శాలువా దగ్గరికి లాక్కుని వెళ్ళి బండెక్కింది.